పాత మోటారు సైకిళ్ల చట్రము: వంపు నిర్ణయము, చికిత్స

మెకానిక్కులు చాసీ యని పిలుచు మోటారు సైకిలు చట్రము ఇంజినును మోయుటకును, మనిషిని కూర్చుండబెట్టుటకును ఏర్పడిన ఇనుప గొట్టముల కూర్పుగా పైకి కనబడుచున్నను, దాని ముఖ్యకర్తవ్యము వేఱు: హ్యాండిలుతోబాటు ముందు చక్రము ఏ అక్షము చుట్టు తిరుగునో ఆ అక్షమును, వెనుక చక్రమును పట్టియుండు స్వింగ్ ఆర్మ్ ఏ ఇరుసుపై పైకి క్రిందికి ఆడునో ఆ ఇరుసును, గుంతలోపడినను బరువెత్తినను చెదరని సంబంధమున నిలిపియుంచుటయే ఆ కర్తవ్యము. బండిని నిలువున రెండు సమభాగములుగా చీల్చు మధ్యతలము నొకదానిని ఊహించినచో, ముందరి అక్షము సరిగా ఆ తలములో ఇమిడియుండవలెను, వెనుక ఇరుసు ఆ తలమునకు లంబముగా నుండవలెను. ఈ నియమము తప్పిన చట్రము వంగిన చట్రము. హెడ్డు, అనగా హ్యాండిలు కాడ దూరియుండు ముందరి గొట్టము, వెనుకకు నెట్టబడినచో ముందువెనుకల వంపు. ఎడమకో కుడికో జరిగినచో ప్రక్కవంపు. వెనుక ఇరుసుతో పోల్చినపుడు ఒకవైపునకు ఒరిగినచో మెలి. ప్రమాదమునకు గుఱియైన బండిలో ఈ మూడును తఱచుగా కలసియే యుండును గాన పరీక్ష కష్టమగుచున్నది.

ఆర్మూరు పసుపు సీమలో, శ్రీరాంసాగర్ జలాశయమునకు దక్షిణపు ఒడ్డున నున్న నందిపేట్ వంటి మండల కేంద్రములలో ఈ దోషమునకు దారితీయు కారణములు మహానగరములలోని కారణములవంటివి కావు. వానాకాలపు వడ్లును, యాసంగి వడ్లును, మక్కలును కోతకు వచ్చిన దినములలో తారురోడ్డులో సగము కళ్లముగా మాఱును. గింజ చెదరకుండ అంచున రాళ్లు పేర్చి, చీకటి పడగానే నల్లని తాడిపత్రి కప్పి పోవుదురు. వెలుగు చాలని పాత హెడ్‌లైటుతో వచ్చువానికి ఆ కుప్ప రోడ్డు రంగులో కలసిపోయి, చక్రము రాతికి తగులువఱకు కానరాదు. వెనుక దీపము లేని ట్రాక్టరు ట్రాలీ మఱియొక శత్రువు. ఇవి ఒక్క దెబ్బతో హెడ్డును వంచునవి. పసుపు త్రవ్వి, ఉడికించి, ఆరబెట్టు మాసములలో సీటు మీదను క్యారియరు మీదను బస్తాలు కట్టి, చేని బాటల వెంట నడుపుట వలన కలుగు హాని వేఱు రకము: అది ఒక్కనాడు కనబడదు, వెనుక షాకబ్జర్లు బిగించిన చోట్ల అతుకును క్రమముగా పగులదీసి, సీటు క్రింది పట్టీలను దిగలాగును. మొదటిది దెబ్బ, రెండవది అలసట. చికిత్స రెండింటికిని ఒకటి కాదు.

చట్రముల జాతులు

మోటారు సైకిలు చట్రము సైకిలు చట్రమునకు వారసురాలు. 1885లో జర్మనీలో డైమ్లరు నిర్మించిన మొదటి యంత్రమునకు కొయ్య చట్రమే యుండెను; పిమ్మట ఉక్కు గొట్టములు వచ్చి, వాని చివరలను పోత లగ్గులలో దూర్చి ఇత్తడి పోసి అతుకు పద్ధతి సైకిళ్లనుండి సంక్రమించి చాలకాలము నిలిచెను. 1950లో నార్టన్ కంపెనీ పందెపు బండ్లకై బెల్‌ఫాస్టుకు చెందిన మెక్‌కాండ్లెస్ సోదరులు నిర్మించిన జంటగొట్టముల వెల్డింగు చట్రము, బిగువుగల చట్రమే బండికి స్థిరత్వ మిచ్చునని లోకమునకు చాటి, తరువాతి నిర్మాతల కెల్ల మేల్బంతి యయ్యెను.

మన ప్రాంతమున నేటికిని తిరుగుచున్న పాత బండ్లలో, బరువునుబట్టియు అభిమానమునుబట్టియు మొదట చెప్పదగినది బుల్లెట్. 1955లో మద్రాసు మోటార్సు వారు ఇంగ్లండులోని రెడ్డిచ్ కంపెనీతో కలసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను స్థాపించి, తిరువొత్తియూరులో దీనిని కట్టిరి. దీని చట్రమున హెడ్డునుండి ఒకే గొట్టము ముందరగా దిగివచ్చి ఇంజిను ముందరి పలకల వద్ద ఆగిపోవును. ఇంజిను క్రింద గొట్టమే లేదు. ఇంజిను పెట్టెయే ఆ ఖాళీని పూరించి చట్రములో ఒక అంగముగా పనిచేయుచున్నది. కావున బుల్లెట్ చట్రము వంగినదని అనుమానము గలిగినపుడు ఇంజిను బోల్టులే మొదటి సాక్షులు: సుఖముగా వ్రేలితో నెట్టిన దూరవలసిన బోల్టు సుత్తిదెబ్బకు గాని దూరనిచో, పలకల రంధ్రములు తమ చోటు వదలినవని అర్థము.

1961 నుండి మైసూరులో ఐడియల్ జావా వారు కట్టిన జావా చట్రమున గుండ్రని గొట్టములకు మాఱుగా పలకలుదేఱిన గొట్టములుండును. అవి వంగుటకంటె ముడుతపడుటకే ఎక్కువ మొగ్గుచూపును. ఎస్కార్ట్సు వారి రాజ్‌దూత్ 175 పోలండు దేశపు నమూనాకు అనుకరణము. దాని ముందరి ఫోర్కు నేటి గొట్టపు ఫోర్కు కాక కీలుమీద ఊగు చేతులతో కూడినది గనుక, ఫోర్కు పరీక్షకు చెప్పబోవు సూత్రములు దానికి యథాతథముగా వర్తింపవు. 1985లో వచ్చి 1996 వఱకు తయారైన యమహా ఆర్ఎక్స్ 100, 1985లోనే వెలువడిన హీరో హోండా సిడి 100, 1994 నాటి స్ప్లెండర్ తేలిక బండ్లు. వీని గొట్టములు సన్ననివి గాన త్వరగా వంగును, త్వరగా సరియగును, త్వరగా అలయును. చేతక్ వంటి స్కూటర్లకు గొట్టపు చట్రమే లేక రేకు దేహమే చట్రమగుటచేత వాని చికిత్స కారు డెంటింగు విద్యకు దగ్గఱ. ఈ వ్యాసమున దానిని విడిచిపెట్టుచున్నాము.

వంపు ఎట్లు పుట్టును

ముందు చక్రము రాతికి తగిలినపుడు బలము మొదట ఇరుసు వద్ద పుట్టి, ఫోర్కు అను పొడవాటి మీటగుండా హెడ్డునకు చేరును. ఇరుసు క్రింది బేరింగునకు సుమారు 650 మి.మీ. దూరమున నున్నదనియు, హెడ్డులోని రెండు బేరింగుల నడుమ దూరము 160 మి.మీ. అనియు కొందము. అప్పుడు ఫోర్కునకు అడ్డముగా ఇరుసు వద్ద పడిన బలమునకు 5 రెట్లు క్రింది బేరింగును వెనుకకు నెట్టును. 4 రెట్లు పై బేరింగును ముందుకు లాగును. హెడ్డును గొట్టములతో కలిపిన అతుకు ఈ మెలిపెట్టుడును భరింపవలసియున్నది. అదృష్టవశమున, ఈ బలమునకు చట్రముకంటె ముందు లొంగుటకు ఫోర్కు కడ్డీలున్నవి: అవి తమ్మును హెడ్డునకు కలుపు క్రింది టీ పట్టు వద్ద వంగి, దెబ్బలో కొంత మ్రింగివేయును. కడ్డీలు వంగిన ప్రతి బండి చట్రమును వంగినదే యని భయపడనక్కఱలేదు. చట్రము ముందుగా వంగి ఫోర్కు నిటారుగా మిగులుట అరుదు.

హెడ్డు వెనుకకు పోయిన బండిలో రెండు గొట్టములు చూడదగినవి. క్రింది గొట్టము ఒత్తిడికి లోనై హెడ్డునకు కొంచెము దిగువన వెనుకకు గాని ప్రక్కకు గాని విల్లువలె ఉబ్బును. పై గొట్టము సాగుడుకు లోనగును. పెట్రోలు ట్యాంకు క్రింద దాగియుండు పై గొట్టపు అతుకు వద్ద ఎనామిలు సన్నని వెండ్రుకగీతలుగా చిట్లి, కొన్నాళ్లకు ఆ గీతల వెంట త్రుప్పు దిగును. ట్యాంకు తీయకుండ వంపు లేదని చెప్పు మెకానిక్కు మాటకు విలువ తక్కువ.

హెడ్డు వాలు రెండు డిగ్రీలు మాఱిన నేమగునో ఒక లెక్క చెప్పును. చక్రపు వ్యాసార్ధము 300 మి.మీ., హెడ్డు నిలువుగీతనుండి వాలిన కోణము 27 డిగ్రీలు, ఫోర్కు అక్షమునకు ముందుగా నిలిచిన దూరము 50 మి.మీ. అనుకొన్నచో, చక్రము నేలను తాకు చోటు హెడ్డు అక్షము నేలను తాకు చోటునకు సుమారు 97 మి.మీ. వెనుకబడియుండును, దీనినే ట్రెయిల్ అందురు, బండి తనంత తాను నిటారుగా పోవుట దీనిమీద ఆధారపడియున్నది. వాలు 25 డిగ్రీలకు తగ్గినచో ట్రెయిల్ 85 మి.మీ.లకు దిగును. అదే వంపు వలన, హెడ్డునకు 700 మి.మీ. దిగువనున్న ఇరుసు సుమారు 24 మి.మీ. వెనుకకు జరిగి చక్రము ఇంజినుకు దగ్గఱగును. నడుపువానికి హ్యాండిలు తేలికపడినట్లుండి, వేగమున అదురు పుట్టును. ప్రక్కవంపు, మెలి గల బండి చేతులు సడలించినచో ఒక ప్రక్కకు లాగును. టైరు ఒక అంచున ముందుగా అరుగును. ఎడమకు తిరుగుటకును కుడికి తిరుగుటకును తేడా తెలియును.

పరీక్షాక్రమము

వంపును కనిపెట్టు విద్యలో తొందరపాటు వలన కలిగినంత నష్టము అజ్ఞానము వలన కలుగలేదు. దోషమును చట్రముపై మోపకముందు, చట్రముకంటె చవుకగా వంగు వస్తువుల నన్నిటిని ఒకదాని తరువాత ఒకటిగా నిర్దోషులని తేల్చుకొనవలెను. చక్రపు అవుటు, ఇరుసు వంపు, అరిగిన స్వింగ్ ఆర్మ్ బుష్షులు, వదులైన హ్యాండిలు కోన్ సెట్టు, తిరుగుడుపడిన ఫోర్కు: వీనిలో ఏదైనను వంగిన చట్రము వేషము వేయగలదు. చిన్నపాటి పడిపోవుటలో హ్యాండిలు ఒకవైపునకు, చక్రము మఱియొకవైపునకు చూచుచుండుట సామాన్యము. అది చాలసారులు టీ పట్టులలో కడ్డీలు మెలిపడుట మాత్రమే. పట్టుబోల్టులు వదులుచేసి, చక్రమును మోకాళ్ల నడుమ నిఱికించుకొని హ్యాండిలు త్రిప్పినచో సరిపోవు ఆ పనికి చట్రమును ప్రెస్సుక్రింద పెట్టిన వారును లేకపోలేదు.

చక్రముల నిర్దోషిత్వము తేలినపిమ్మట దారపు పరీక్ష. దీనికి కావలసినది మేస్త్రీ సంచిలో దొరకు నైలాను దారమును, రెండు ఇటుకలును మాత్రమే. అయినను ఇది సరిగా చేసినచో వేలరూపాయల పరికరమునకు సమమైన తీర్పు చెప్పును. బండిని సెంట్రలు స్టాండుపై చదునైన నేలపై నిలిపి, దారమును మధ్యభాగమున వెనుక టైరు వెనుకవైపు చుట్టి, స్టాండునకును సైలెన్సరునకును తగులని ఎత్తున రెండు ప్రక్కలను ముందుకు లాగి, ముందు చక్రమునకు అవతల ఇటుకలకు కట్టవలెను. ఇటుకలను అంగుళములో పాతికవంతు చొప్పున లోనికి జరుపుచు, దారము వెనుక టైరు ముందరి అంచును అప్పుడే తాకీతాకనట్లు అగుచోట నిలుపవలెను. దారము టైరును నొక్కి వంగినచో కొలత చెడును. ఇప్పుడు రెండు దారములును వెనుక చక్రపు తలమునకు రెండు వైపుల గీచిన సమాంతర రేఖలు. హ్యాండిలును మెల్లగా త్రిప్పి, ముందు టైరు ముందరి అంచును వెనుకటి అంచును ఒక్కొక్క దారమునకు సమదూరమున నుండునట్లు చేసి, ఎడమ సందును కుడి సందును స్కేలుతో కొలువవలెను.

బుల్లెట్‌కు ముందువెనుకలు రెండును 3.25-19 టైర్లు, స్ప్లెండర్‌కు రెండును 2.75-18; కావున సవ్యమైన బండిలో దారము రెండు టైర్లను ఒక్కతీరుగా ఒరసికొనిపోవలెను. ఆర్ఎక్స్ 100కు ముందు 2.50, వెనుక 2.75 గనుక అంగుళములో పాతిక తేడా రెండు వైపులకు పంచబడి ప్రక్క కొకటి సుమారు 3 మి.మీ. సందు కనబడుట న్యాయమే. ఏ టైరు ఎంత అరిగినదో, ఏ కంపెనీ టైరు ఎంత వెడల్పో చూచుకొని ఈ అంకెలను సవరించుకొనవలెను. ఎడమకు 6, కుడికి శూన్యము వంటి తేడా వచ్చినదనుకొందము. అప్పుడు కూడ చట్రమును నిందింపరాదు. ముందుగా స్వింగ్ ఆర్మ్ ఇరుసు మధ్యనుండి వెనుక చక్రపు ఇరుసు మధ్యకు రెండు ప్రక్కల దూరమును ఒక కఱ్ఱపుల్లతో సరిచూడవలెను. చైను బిగించు చోట కంపెనీ గీచిన గుర్తులను నమ్మి చక్రమును పెట్టువారు పెక్కుమంది. పాత బండ్లలో ఆ గుర్తులకంటె పుల్లయే సత్యవాది.

వెనుక చక్రము చక్కగా నుండియు తేడా నిలిచినచో, దోషము ఫోర్కుదా, హెడ్డుదా యను ప్రశ్న వచ్చును. దీనికి ఒక సులభమైన ఉపాయము కలదు. పట్టులు వదులుచేసి అనుమానమున్న కడ్డీని తన చోటనే సగము చుట్టు త్రిప్పి మరల బిగించి కొలిచినపుడు చక్రము చోటు మాఱినచో కడ్డీ వంగినది. మాఱనిచో కడ్డీ నిర్దోషి. అట్లే హ్యాండిలును ఈ కొసనుండి ఆ కొసకు త్రిప్పునపుడు, దోషము ఫోర్కుతోబాటు తిరిగినచో టీ కాడయో కడ్డీలో వంగినవి. హ్యాండిలు ఎటు త్రిప్పినను దోషము చట్రము ప్రక్కనే నిలిచియున్నచో చట్రము వంగినది. కాడ వంగిన బండి హ్యాండిలు ఒక చోట బిగియుచు, ఒక చోట వదులుపడుచు నుండును. కడ్డీలను విప్పినపుడు మందపాటి గాజుపలకపై దొర్లించి, క్రింద వెలుగు పాఱు సందును చూచుట చేతిపరీక్ష. రెండు వి-దిమ్మలపై నిలిపి డయలుగేజితో చూచుట నిష్కర్షయైన పరీక్ష. జపాను కంపెనీల సర్వీసు పుస్తకములు కడ్డీ వంపునకు సాధారణముగా 0.2 మి.మీ. హద్దు పెట్టుచున్నవి.

ఇక మెలి. వెనుక చక్రము నిటారుగా నుండునట్లు బండిని నిలిపి, ముందు చక్రమును నేరుగా పెట్టి, మేస్త్రీ గుండుదారమును దాని పై అంచునుండి వ్రేలాడవేసినచో, ఒక డిగ్రీ ఒరుగునకు 600 మి.మీ. చక్రముపై పైకిని క్రిందికిని సుమారు 10 మి.మీ. తేడా తెలియును. రెండడుగుల దూరమున వెనుకనుండి కూర్చుండి ఒక కంటితో చూచు అనుభవశాలి కూడ దీనిని పట్టగలడు. అయినను కంటితీర్పు అనుమానమునకే గాని నిర్ణయమునకు చాలదు.

నిర్ణయము కావలెనన్నచో బండిని పూర్తిగా విప్పి, చట్రమును ఒంటరిగా చేయవలెను. ఈ పనిలో సంక్లిష్టమని భయపెట్టు జిగ్గు (చట్రమును బిగించు పరికరము) లేకయే, నాలుగు కొలతలతో ప్రక్కవంపును మెలిని ఒక్కసారిగా బయటపెట్టవచ్చును. హెడ్డులో బేరింగు కప్పులు కూర్చుండు చోట్లకు లేతుపై తిరుగబట్టిన రెండు బుష్షులు దూర్చి, వాని నడుమ నిటారైన కడ్డీ నొకదానిని నిలుపవలెను. స్వింగ్ ఆర్మ్ రంధ్రమున మఱియొక కడ్డీని దూర్చి, దాని కొనలు చట్రపు మధ్యనుండి రెండు వైపుల సమానముగా వెలికి వచ్చునట్లు సరిచేయవలెను. హెడ్డు కడ్డీ పై కొననుండి వెనుక కడ్డీ ఎడమ కొనకును కుడి కొనకును, మరల హెడ్డు కడ్డీ క్రింది కొననుండి అదే రెండు కొనలకును దూరములు కొలువవలెను. పై రెండును తమలో తాము సమానములై, క్రింది రెండును తమలో తాము సమానములైనచో, హెడ్డు అక్షము మధ్యతలముననే యున్నది. రేఖాగణితమున దీనికి వేఱు సాక్ష్య మక్కఱలేదు. పైని సరిపడి క్రింద సరిపడనిచో మెలి. రెండు చోట్లను ఒకే వైపు తేడా వచ్చినచో ప్రక్కవంపు. కొలుచుటకు సాగెడు టేపు పనికిరాదు. కొన నునుపుచేసిన ఇనుపకమ్మిని ఒక కొలతకు కత్తిరించి రెండవ ప్రక్క ఆన్చి చూచుట మేలు.

ముందువెనుకల వంపును మాత్రము ఈ నాలుగు కొలతలు చెప్పజాలవు. దానికి కంపెనీ కొలతలు గాని, వంగని సాటి చట్రము గాని కావలెను. ఈ విషయమున నందిపేట్ మెకానిక్కు ధన్యుడు: అంగడి వీథిలో అదే సంవత్సరపు స్ప్లెండర్లు వరుసగా నిలిచియుండును, అడిగినచో యజమాని కాదనడు. హెడ్డు క్రింది పెదవినుండి స్వింగ్ ఆర్మ్ ఇరుసునకును, అక్కడినుండి ముందరి ఇంజిను బోల్టు రంధ్రమునకును దూరములను ఆ బండిపై కొలిచి, వంగినదానితో పోల్చినచో ఎన్ని మి.మీ. లాగవలెనో తెలియును.

లోహగుణము

ఉక్కు గొట్టము కొంత దూరము వఱకు వంగి, బలము తీసినంతనే తన చోటికి మరలును. ఆ హద్దు దాటినపుడు గాని శాశ్వతమైన వంపు నిలువదు. సామాన్యమైన మెత్తని ఉక్కునకు ఆ హద్దు చదరపు మి.మీ.కు సుమారు 250 న్యూటనులు. వంగిన గొట్టమును సరిచేయువాడును ఆ హద్దును ఎదురుదిక్కున దాటవలెను గాన, కావలసిన చోటువఱకే లాగి వదలినచో గొట్టము కొంత వెనుకకు పోవును. కొంచెము మించి లాగి, వదలి, కొలిచి, మరల లాగవలెను. ఎంత మించవలెనో సూత్రము చెప్పదు, గొట్టమే చెప్పును. పైగా ఒకసారి వంగిన చోట లోహము గట్టిపడి సాగుగుణమును కొంత కోల్పోవును. అందుచే రెండవసారి వంగిన చట్రము మొదటిసారివలె సుఖముగా మరలదు, మూడవసారి పగులుటకు సిద్ధముగా నుండును. కొనుటకు ముందు పాత బండి చట్రమున లోగడ సరిచేసిన జాడలు వెదకుట అందుకే మంచిది.

వేడిచేసి వంచుట కొలిమివాడుక; గ్యాసుజ్వాల చేత నున్నవానికి దానిని పెట్టవలెనను తహతహ సహజము. మెత్తని ఉక్కు గొట్టమును ముదురెఱుపు తిరుగువఱకు, అనగా 600 - 650 డిగ్రీల వఱకు, విశాలముగా వేడిచేసి మెల్లగా చల్లారనిచ్చినచో పెద్ద హాని లేదు. నీళ్లు చల్లుట, తడిగుడ్డ చుట్టుట తగదు. లగ్గులలో ఇత్తడి పోసి అతికిన పాత చట్రమున అతుకు దాపున జ్వాల పెట్టినచో, సుమారు 900 డిగ్రీలకు ఇత్తడి కరగి, కంటికి కనబడకుండ అతుకు బోలుపడును. క్రోమియము పూసిన ఫోర్కు కడ్డీలను వేడిచేయనే కూడదు. చల్లగా ప్రెస్సుమీద సరిచేసినను, వంపున్న చోట పూత చిట్లి, నూనెసీలును కోసివేయును. కడ్డీ విషయమున చవుక మార్గము కొత్త కడ్డీయే. చల్లని లాగుడుతో సరియగు చట్రమునకు జ్వాల చూపుట అనవసరపు సాహసము.

సరిదిద్దుట

పెద్ద నగరములలో ఈ పనికి మందపు ఇనుప బల్లయు, దానికి బిగించు శంకువులును, హైడ్రాలిక్ రాములును గల జిగ్గులున్నవి. చిన్న ఊళ్లలో అదే పని రెండు వరుసల ఐ-బీములకు చట్రమును గొలుసులతో కట్టి, లారీజాకీతో నెట్టి సాధింతురు. లేతుపనికి ఆర్మూరునకో నిజామాబాదునకో పంపి బుష్షులు తిరుగబట్టించుకొనుట తప్ప, మిగిలిన సామగ్రి యంతయు ట్రాక్టరు రిపేరు షాపులో దొరకునదే. పరికరపు గొప్పతనముకంటె బిగింపు ముఖ్యము: స్వింగ్ ఆర్మ్ ఇరుసును, ఇంజిను వెనుక పలకలను కదలకుండ బంధించి హెడ్డును లాగినపుడే వంపున్న చోట బలము పడును. బంధము వదులైనచో సవ్యముగానున్న వెనుకభాగము వంగి, ఒక దోషము రెండగును.

హెడ్డులో పొడవైన కడ్డీ దూర్చి మీటగా లాగుట అందఱును చేయు పని; దానిలో నున్న అపాయమును కొందఱే ఎఱుగుదురు. వట్టి కడ్డీని లాగినచో దాని బరువంతయు హెడ్డు పెదవులపై పడి, బేరింగు కప్పు కూర్చుండు గుండ్రని చోటు కోడిగ్రుడ్డు ఆకృతికి మాఱును. అటుపిమ్మట ఎంత ఖరీదైన కోన్ సెట్టు వేసినను హ్యాండిలు గుటుకులు వేయుచునే యుండును. కావుననే పరీక్షకు తిరుగబట్టించిన బుష్షులను లాగునపుడు కూడ లోపలనే యుంచవలెను. బుల్లెట్‌కు ఇంజిను లేని ఖాళీలో ముందరి క్రింది గొట్టపు చివర గాలిలో వ్రేలాడుచుండును గాన, పాడైన పాత ఇంజిను పెట్టెను గాని, రంధ్రములు కొలిచి వేసిన ఇనుప పలకను గాని అక్కడ బోల్టులతో బిగించి, ఆ తరువాతనే లాగవలెను.

ఏ వంపు చివర పుట్టినదో దానిని మొదట తీయుట మంచి క్రమము. రాతికి కొట్టుకొని హెడ్డు వెనుకకు పోయి, పిమ్మట బండి ప్రక్కకు దొర్లుటచే మెలి కలిగినచో, మెలిని ముందుగా విప్పి, తరువాత హెడ్డును ముందుకు లాగవలెను. లాగునది చూచుటకు గొప్పగా నుండదు: జాకీ చేతిని ఒక్కొక్క కొట్టుకు ఆపుచు, గొలుసు బిగిసి సన్నగా గీమని మ్రోగువఱకు నెట్టి, అతుకు వద్ద ఎనామిలు పొరలు పొరలుగా లేచి రాలుచుండగా కొంతసేపు అట్లే నిలిపి, జాకీ దింపి, పుల్లతో నాలుగు కొలతలు తీయుట, మరల కొంచెము మించి నెట్టుట. బిగిసియున్న గొలుసునకు ఎదురుగా ఎవ్వరును నిలువరాదు. గొలుసు తెగినచో మనిషి కాలు తీయును.

అన్ని వంపులును తీయదగినవి కావు. గొట్టము ఉబ్బి విల్లువలె వంగినచో లాగవచ్చును. మడతపడి గోడ లోనికి నొక్కుకొనిపోయినచో ఆ ముక్కను కోసి, అదే వ్యాసము, అదే మందము గల అతుకులేని గొట్టమును వేయవలెను. లోపల బిగుతుగా దూరు మఱియొక చిన్న గొట్టమును ఆధారముగా నుంచి, కోతను అడ్డముగా కాక ఏటవాలుగా తీసి వెల్డింగు చేసినచో, అతుకు రేఖ ఒక్కచోట చుట్టుకొనక బలము విస్తరించును. వెల్డింగునకు ముందు ట్యాంకును, బ్యాటరీని దూరముగా తీసిపెట్టుట అందఱికిని తెలిసినదే యైనను అందఱును చేయునది కాదు. షాపులలో సీ ఓ టూ యని పిలుచు వెల్డింగు పలుచని గొట్టములకు తగినది; మందపు కడ్డీతో చేయు ఆర్కువెల్డింగు స్ప్లెండర్ గొట్టమును కాల్చి రంధ్రము చేయును. అతుకు నున్నగా కనబడవలెనని గ్రైండరుతో చదునుచేయుట అందమునకై బలమును అమ్ముకొనుట.

బస్తాల బరువుకు షాకబ్జరు పట్టు వద్ద పుట్టిన పగులు వేఱు చికిత్స కోరును. పగులు రెండు కొనలయందును చిన్న రంధ్రము పొడిచి, దాని పొడుగునా కాలువ తీసి, వెల్డింగు నింపి, పైన చివరలు కోసుదేఱిన పట్టీని వేయవలెను. పట్టీని మరీ మందముగా వేసినచో కొత్త పగులు పట్టీ అంచుననే మొదలగును. నూనెమడ్డి తుడిచి, కిరసనాయిలు పూసి, దానిని తుడిచివేసి సుద్దపొడి చల్లినపుడు పొడిలోనికి గీతగా ఊరు నూనె, కంటికి తెలియని పగుళ్లను చూపును.

హెడ్డు అతుకుననే పగులు కనబడిన చట్రమును, బేరింగు చోటు గుండ్రతనము కోల్పోయిన చట్రమును, త్రుప్పు లోపలినుండి తినివేయగా మొల గ్రుచ్చిన దిగు చట్రమును సరిచేయుటకంటె మార్చుటయే మేలు. ఇక్కడ చట్టము అడ్డు వచ్చును. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములలో 122వది తయారీదారుడు చాసీ నంబరును చట్రముపై పొడువవలెనని చెప్పుచున్నది. రిజిస్ట్రేషను పత్రము, ఇన్స్యూరెన్సు ఆ నంబరునే నమ్ముకొనియున్నవి. అనేక బండ్లలో అది హెడ్డు ప్రక్కననే యుండుటచేత వంపుతీయువాని గ్రైండరు, పౌడరుకోటింగువాని ఇసుక పిచికారీ దానిని చెరిపివేయు అపాయము కలదు. పని మొదలుపెట్టకముందే నంబరు ఫోటో తీసి, దానిపై టేపు అంటింపవలెను. వేఱు చట్రము వేసికొనదలచినవాడు జిల్లా రవాణా కార్యాలయపు అనుమతి లేక వేయరాదు. ఎ.పి.25 నంబరుతో రిజిస్టరై, 15 ఏండ్లు నిండి, మరల రిజిస్ట్రేషను పొడిగింపునకు వెళ్లవలసిన నిజామాబాదు జిల్లా పాత బండికి, ఆ పరీక్షనాడు చెరిగిన నంబరు వంగిన చట్రముకంటె పెద్ద చిక్కు తెచ్చును.

సరిచేసిన చట్రమునకు రంగు వేయుటకు తొందరపడరాదు. ముందుగా ఎఱ్ఱ ప్రైమరుతోనే బండిని కూర్చి, దారపు పరీక్షను మరల చేసి, ఖాళీ రోడ్డుపై నెమ్మదిగా నడిపి, బరువు వేసి మఱికొంత దూరము నడుపవలెను. అతుకు వద్ద ప్రైమరు చిట్లినచో పగులు అప్పుడే తెలియును, నల్లని ఎనామిలు క్రింద దాగియుండదు. ఇంజిను బోల్టులు, టీ పట్టుబోల్టులు, స్వింగ్ ఆర్మ్ ఇరుసు నట్టు మొదటి వారములోనే సడలును గాన వానిని మరల బిగించి, చైను సరిచేసి, వెనుక చక్రమును పుల్లతో మరల కొలిచినపిమ్మట రంగువానివద్దకు పంపవచ్చును.